మెనూలో క్యాలరీల నంబర్ చూసి ఆర్డర్ పెట్టడం ఎట్లా (నంబర్ లేని మన నెల్లూరు హోటళ్ళలో కూడా)

పోయినేడు మా నాయనకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయని తేలింది. డాక్టర్ గారు బరువు ఎనిమిది కిలోలు తగ్గాలి, బయట తిండి తగ్గించండి అన్నారు. మా ఇంట్లో బయట తిండి పూర్తిగా మానడం అయ్యే పని కాదు, ఆదివారం సాయంత్రం ట్రంక్ రోడ్డు మీదకో మాగుంట లేఅవుట్ వైపుకో పొయ్యి ఏదో ఒకటి తినకపోతే వారం అయిపోయినట్టే ఉండదు మాకు. సరే, మానలేం గదా, కనీసం ఏం తింటున్నామో చూసుకుని తిందాం అని మొదలుపెట్టాం. ఏడాది నుంచి చేస్తా ఉన్నాం, నాయన ఇప్పటికి ఆరు కిలోలు తగ్గాడు. అందులో పొద్దున నడక పుణ్యం ఎంతో, ఈ నంబర్లు చూసుకున్న పుణ్యం ఎంతో విడదీసి చెప్పలేను గానీ నేర్చుకున్నవి మాత్రం ఇక్కడ రాస్తున్నా, ఇంట్లో షుగరో బరువో ఉన్నోళ్ళకి పనికొస్తాది.

ముందు అసలు ఈ నంబర్ యాడ ఉంటాది, యాడ ఉండదు అనేది తెలుసుకోవాలి. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు 2020లో లేబులింగ్ అండ్ డిస్‌ప్లే రూల్స్ తెచ్చారు. వాటి ప్రకారం సెంట్రల్ లైసెన్స్ ఉన్న హోటళ్ళు, లేదంటే 10 చోట్ల గానీ అంతకంటే ఎక్కువ చోట్ల గానీ బ్రాంచీలున్న చైన్లు మెనూ కార్డు మీదో బోర్డు మీదో ప్రతి ఐటెం పక్కన ఎన్ని కిలో క్యాలరీలో, ఎంత సర్వింగ్‌కో రాయాలి. 2022లో అమల్లోకి వచ్చింది. మన ఊళ్ళో అయితే బర్గర్లు, పిజ్జాలు, కాఫీ షాపుల చైన్లు, పెద్ద బిర్యానీ చైన్లు, హైవే మీద కొన్ని, ఇట్లాంటి చోట్ల కనపడతాది. ఒకే ఒక్క హోటల్ పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా నడుపుకునే మన టిఫిన్ సెంటర్ ఆయనకి ఈ రూల్ లేదు. పెళ్ళిళ్ళ క్యాటరింగ్ వాళ్ళకి, ఏడాదిలో 60 రోజులకంటే తక్కువ నడిచే వాటికి కూడా లేదు, అంటే రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర వేసే స్టాళ్ళలో మీకు నంబర్ దొరకదు. అడిగి ప్రయోజనం లేదు, అక్కడ మన లెక్క మనమే వేసుకోవాలి, అది ఎట్లాగో కింద చెప్తా.

ఫోన్లో తెప్పించుకునే యాప్‌లకి కూడా ఈ రూల్ ఉంది, చైన్ హోటళ్ళ ఐటెం మీద నొక్కితే వివరాల్లో క్యాలరీలు ఉంటాయి. నేనైతే హోటల్‌కి పొయ్యే ముందే ఇంట్లో కూర్చుని యాప్‌లో చూసేస్తా. ఇది నా మొదటి సలహా, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. ఆకలితో కౌంటర్ ముందు నిలబడి, వెనకాల లైను, పక్కన పిల్లోళ్ళ గోల, ముందు ఆ అబ్బాయి ఏం కావాలి సార్ అంటా ఉంటే ఎవరికీ నంబర్ కనపడదు, ఫోటోనే కనపడతాది. అందుకే ఏం తినాలో ఇంట్లోనే అనుకుని పొండి.

నంబర్ చదవడం ఎట్లా అంటే, మెనూ మీద కె-క్యాల్ అని రాసి ఉంటాది, అది కిలో క్యాలరీ, మనం మాటల్లో క్యాలరీ అనేది దాన్నే. కొన్ని ప్యాకెట్ల మీద కిలో జౌల్స్ అని పెద్ద నంబర్ ఉంటాది, దాన్ని 4.2తో భాగిస్తే క్యాలరీలు వచ్చేస్తాయి, చూసి భయపడొద్దు. మెనూ కిందనో పక్కనో ఇంకో వాక్యం కూడా ఉంటాది, చురుగ్గా ఉండే మామూలు మనిషికి రోజుకి 2000 కిలో క్యాలరీలు కావాలి, మనిషిని బట్టి మారతాది అని. ఈ 2000 అందరికీ కాదు. హైదరాబాద్‌లో ఉండే జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో (2020లో వేసినవి) కూర్చుని పని చేసే మగవాళ్ళకి 2110, ఆడవాళ్ళకి 1660. ఒళ్ళొంచి పని చేసే వాళ్ళకి ఇంకా చాలా ఎక్కువ, బరువు పనులు చేసే మగవాళ్ళకి 3470 దాకా పోతాది. రొయ్యల గుంటల దగ్గర పగలంతా పని చేసే మనిషికి, బ్యాంకులో కుర్చీలో కూర్చునే మనిషికి ఒకే నంబర్ ఎట్లా సరిపోతాది చెప్పండి. మా నాయనకి డైటీషియనమ్మ 1600 రాసిచ్చింది, దాన్ని మేం పొద్దున టిఫినుకి 350, మధ్యాహ్నం 550, రాత్రి 500, మధ్యలో టీ, పండు, మజ్జిగకి 200 అని పంచుకున్నాం. బయట తినే పూట 500 దాటకుండా చూడటమే మా పని. మీరు కూడా పూటకి ఎంత అని ఒక నంబర్ మనసులో పెట్టుకుని పొండి, అది లేకుండా మెనూలో 640 అని చూస్తే అది ఎక్కువో తక్కువో ఎట్లా తెలుస్తాది.

ఇప్పుడు మేం మోసపోయిన సంగతి. కొత్తలో ఒక పిజ్జా షాపుకి పొయ్యాం, మెనూలో 200 చిల్లర అని ఉండాది. నాయన ఏందిరా ఇంత తక్కువా, ఇంట్లో రెండు చపాతీలకంటే నయంగా ఉండాదే అన్నాడు, నేను కూడా సంతోషంగా ఇద్దరం కలిసి మొత్తం తినేశాం. లేచి చేతులు కడుక్కుని వస్తా ఉంటే బోర్డు కింద చిన్న అక్షరాలు కనపడ్డాయి, ఒక్క స్లైసుకి అని. ఆరు స్లైసులు, 1200 పైన, నాయన వాటా సగమే అనుకున్నా 600 దాటింది, ఆ పూట ఆయన తినాల్సింది 500. ఆయన మొహం చూస్తే నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి నంబర్ కంటే ముందు సర్వింగ్ ఎంతకో చూస్తా. ఒక పీసుకా, ప్లేటుకా, 100 గ్రాములకా, ఇద్దరు తినే ప్యాకా. 100 గ్రాములకి అని రాసి ఉంటే మొత్తం బరువు ఎంతో అడగండి, బిర్యానీ ప్యాక్ అర కిలో ఉంటే ఆ నంబర్‌ని ఐదుతో గుణించాలి. కాంబోలో కూల్‌డ్రింకు కలిపి రాశారా, విడిగానా అనేది కూడా చూడండి, కొన్ని చోట్ల బర్గర్‌కి ఒక్కదానికే ఉంటాది.

తర్వాత, పోల్చి చూడటం. చాలామంది మెనూ మొత్తం వెతికి అన్నిటికంటే చిన్న నంబర్ ఎక్కడుందా అని చూస్తారు, దాంతో ఇష్టం లేని సలాడ్ ఏదో తెప్పించుకుని సగం తిని, ఇంటికొచ్చి మళ్ళీ మిక్చర్ డబ్బా తీస్తారు. అట్లా కాదు. తినాలనిపించిన రకంలోనే రెండు మూడు పోల్చండి. చికెన్ బర్గర్ తినాలని ఉంటే చికెన్ బర్గర్లలోనే చూడండి, వేయించిన దానికి, కాల్చిన దానికి, చీజ్ వేసిన దానికి, వెయ్యని దానికి నంబర్లో ఎంత తేడా ఉండాదో తెలుస్తాది. కాఫీ కూడా అంతే, క్రీమ్ వేసిన కోల్డ్ కాఫీకి మామూలు కాఫీకి ఎక్కడా పొంతన ఉండదు. మయోనైజ్ ఒక పెద్ద స్పూను 90 పైనే, అది వద్దు అని ఒక్క మాట చెప్తే మీకు నచ్చిన బర్గరే తింటా 90 తగ్గించుకున్నట్టు. కూల్‌డ్రింకు పావు లీటరులో సుమారు 26 గ్రాముల చక్కెర, అంటే 100 పైన క్యాలరీలు, కడుపు నిండదు పాడూ లేదు. బదులు నీళ్ళో మజ్జిగో తాగండి, ఇంకా కావాలంటే బయటికొచ్చాక ఒక కొబ్బరి బోండాం, 60 లోపే.

ఇదంతా పని చేస్తాదా, నంబర్ చూసినంత మాత్రాన మనుషులు తక్కువ తింటారా అని మా బావ ఎప్పుడూ వాదిస్తాడు, ఆయన మాటలో కొంత నిజం ఉండాది కాబట్టి దాచను. న్యూయార్క్‌లో 2008లోనే చైన్ హోటళ్ళకి ఈ రూల్ పెట్టారు, అమెరికా దేశమంతటా 2018 మే నుంచి, ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి (అక్కడ 250 మంది పైన పనివాళ్ళున్న సంస్థలకి). న్యూయార్క్‌లో స్టార్‌బక్స్ అనే కాఫీ షాపుల చైన్ బిల్లులు చూసిన పరిశోధకులు ఒక్కో బిల్లుకి 6 శాతం క్యాలరీలు తగ్గాయని చెప్పారు, అది కూడా తినే వాటిలోనే, తాగే వాటిలో పెద్దగా మారలేదంట. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక ఫాస్ట్‌ఫుడ్ చైన్ వాళ్ళ 104 షాపుల్లో చూస్తే మొదట్లో బిల్లుకి 60 క్యాలరీలు తగ్గి, తర్వాత వారం వారం కొంచెం కొంచెం పెరిగి ఏడాదికి ఆ తగ్గుదల 23కి వచ్చేసింది. ఇట్లాంటి పరిశోధనలన్నీ కలిపి తూకం వేసే కాక్రేన్ వాళ్ళు 2025 జనవరిలో 25 స్టడీలు చూసి తేల్చింది ఏందంటే 600 క్యాలరీల భోజనంలో సగటున 11 తగ్గుతాయి అని. అంటే ఒక చిన్న చెంచా చక్కెర కూడా కాదు.

మరి ఇంత తక్కువైతే ఎందుకు చూడాలి అంటే, అది సగటు, చూసిన వాళ్ళనీ చూడని వాళ్ళనీ అందరినీ కలిపిన లెక్క. బోర్డు మీద నంబర్ దానంతట అది ఎవరి నోటికీ అడ్డం పడదు, పూటకి ఎంత అని ముందే అనుకుని పొయ్యిన మనిషికి మాత్రం అది తూకం రాయి లాగా పనికొస్తాది. ఆ 60 కాస్తా 23 అయిన సంగతి నాకు మా ఇంట్లోనే కనపడింది, మొదటి నెల అంతా నాయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతి నంబరూ చదివేవాడు, మూడో నెలకి ఆ తెలుసులే పట్రా అనేవాడు. అలవాటు పడిపోతే కళ్ళు దాన్ని దాటుకుని పోతాయి. దానికి మేం చేసింది ఏందంటే రోజూ తినేది ఎటూ మారదు కాబట్టి, ఒక్కో హోటల్‌కి రెండు మూడు ఐటెంలు 500 లోపలివి చూసి ఫోన్లో నోట్‌లో రాసిపెట్టుకున్నాం. ఆ హోటల్‌కి పోతే ఆ రెండు మూడులోనే ఒకటి. ఇంక ప్రతిసారీ చదవాల్సిన పని లేదు, బేరం లేదు. ఇంకో చిన్న సంగతి, క్యాలరీ నంబర్‌ని ఐటెం పేరుకి ఎడమ పక్కన, అంటే ముందు చదివేలాగా రాస్తే జనం తక్కువ క్యాలరీలవి తెప్పించుకున్నారని ఒక పరిశోధనలో తేలింది. మన మెనూల్లో ఎక్కువగా చివర ఉంటాది, అప్పటికే నోట్లో నీళ్ళూరి ఉంటాయి. అందుకని మీరే ముందు నంబర్ల వరస మీద చూపు పోనిచ్చి, తర్వాత పేర్లు చదవండి. నేను చేసి చూశా, తేడా ఉండాది.

సరే, ఇప్పుడు అసలు మన తిండి. నెల్లూరులో మనం తినే దాంట్లో ముప్పాతిక భాగం నంబర్ లేని హోటళ్ళలోనే. దానికి నాలుగైదు లెక్కలు గుర్తుంటే చాలు. నూనె గానీ నెయ్యి గానీ ఒక పెద్ద స్పూను 120 క్యాలరీలు. చక్కెర ఒక చిన్న చెంచా 20. ఉడికిన అన్నం 100 గ్రాములు 130. గ్రాము కొవ్వుకి 9, గ్రాము పిండి పదార్థానికీ గ్రాము ప్రొటీన్‌కీ 4. ఈ లెక్కతో ఏ ప్లేటు చూసినా పైపై అంచనా వస్తాది, వంద అటూ ఇటూ అయినా పరవాలేదు.

నెయ్యి కారం దోసె తీసుకోండి. నాకు ప్రాణం అది, కాబట్టి ఎంతో ఇష్టంగా లెక్క కట్టా. ఒక దోసెకి పొయ్యే పిండిలో బియ్యం, మినప్పప్పు కలిపి 50 గ్రాములు అనుకుంటే 170 చిల్లర. పెనం దగ్గర దోసెలేసే అన్న గరిటెతో పోసే నెయ్యి నిలబడి చూడండి, రెండు పెద్ద స్పూన్లకి తక్కువ ఉండదు, అదొక 240. అంటే దోసెకంటే దాని మీద నెయ్యే బరువు. ఎర్రకారం పెద్ద లెక్క లేదు, పప్పుల పొడి కొంచెం, వేరుశనగ చట్నీ గిన్నె ఖాళీ చేస్తే ఇంకో వంద దగ్గరికి. మొత్తం 500 దాటతాది. అదే దోసెని అన్నా, నెయ్యి ఒక్క స్పూనే వెయ్యి, కారం మామూలుగానే పూయి అంటే 120 పొయ్యింది, రుచి పోలేదు, ఎందుకంటే మన దోసెకి రుచి ఆ ఎర్రకారంలో వెల్లుల్లిది. పెనం దగ్గర అన్నకి ముందే చెప్పాలి, దోసె పోసినాక చెప్తే వినపడదు. ఇడ్లీ ఒకటి 50, 60 ఉంటాది, మూడు తిన్నా 180లోపే, కానీ పొడి మీద నెయ్యి వరద పెట్టుకుంటే ఇడ్లీ తిన్న ప్రయోజనం లేదు. వడ నూనెలో వేగినది, ఇడ్లీకి రెట్టింపు పైనే అనుకోండి. పరోటా అయితే మైదా 60 గ్రాములు, నూనె కలిపి ఒక్కోటి 300 దగ్గరికి పోతాది, రెండు తిని పైన సేర్వా పోసుకుంటే మా నాయన పూట లెక్క ఆడికే దాటిపోయినట్టు.

చేపల పులుసు గురించి భయపడే వాళ్ళని చూశా, అది తప్పు. చేప ముక్క మంచిది, 100 గ్రాములకి 100 నుంచి 130 ఉంటాది అంతే, ప్రొటీను కూడా బాగా ఉంటాది. చింతపండు, మామిడికాయ ముక్క వాటితో ఏమీ కాదు. బరువంతా పైన తేలే ఎర్రటి నూనెలో ఉండాది. గిన్నె రాగానే కదిలించకుండా, గరిటెని పక్కనుంచి దించి అడుగున పులుసు, ముక్క తీసుకోండి, తేలిన నూనె గిన్నెలోనే వదిలెయ్యండి. ఒక పెద్ద స్పూను నూనె వదిలితే 120 వదిలినట్టు. మా అమ్మ ఇంట్లో కూడా మర్నాటి పులుసుకి ఇట్లాగే చేస్తాది ఇప్పుడు. చేపల పులుసుతో బరువు పెరగడానికి ఇంకో కారణం దాంతో తినే అన్నం, పులుసు బాగుంది కదా అని మారు అన్నం పెట్టించుకుంటా పోతాం, అన్నం 400 గ్రాములయ్యేసరికి అదొక్కటే 520.

ఫుల్ మీల్స్‌లో కూడా దెబ్బ అన్నం దగ్గరే. అరిటాకు మీద అన్నం గుట్ట పొయ్యకముందే సగమే అన్నా అనండి, పప్పు, కూర, రసం మాత్రం బాగా పెట్టించుకోండి. పప్పులో నెయ్యి ఒక్కసారికే చెయ్యి అడ్డం పెట్టండి. అప్పడం, వేపుడు, స్వీటు మూడూ వస్తాయి, మూడింట్లో ఒకటి మీ ఇష్టం వచ్చింది తినండి, మిగతావి ఆకు మీద పడకముందే వద్దనండి, పడినాక వదలబుద్ధి కాదు. పారేయడం కూడా తప్పే గదా. మలై కాజా మాత్రం మా ఇంట్లో ఒకటి తెచ్చి నలుగురం పంచుకుంటాం, నూనెలో వేయించి పాకంలో ముంచింది కాబట్టి నాయనకి చిన్న ముక్క, అది కూడా పండగలకే.

ఒక సంగతి మర్చిపోవద్దు, క్యాలరీ నంబర్ ఉప్పు గురించి ఏమీ చెప్పదు, చక్కెర గురించి విడిగా చెప్పదు. మా నాయనకి బీపీ కూడా కదా, 300 క్యాలరీల సూపు బాగానే కనపడతాది గానీ దాంట్లో ఉప్పు ఎంతో తెలియదు. రోజుకి సోడియం 2000 మిల్లీగ్రాములు దాటకూడదు అని ప్యాకెట్ల మీద లెక్క కట్టేది దీనికే. చైన్ హోటల్‌లో అడిగితే కొవ్వు, చక్కెర, సోడియం వివరాలు చూపించాలి, కొందరు వెబ్‌సైట్‌లో పెడతారు. అడగడానికి మొహమాటపడొద్దు, మన ఆరోగ్యం. షుగరు ఉన్నోళ్ళు ఇన్సులిన్ తీసుకుంటా ఉంటే క్యాలరీలు తగ్గించేముందు డాక్టర్‌ని కచ్చితంగా అడగండి, తిండి తగ్గించి సూది అంతే వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపొయ్యే ప్రమాదం ఉండాది. కడుపుతో ఉన్నోళ్ళకి, ఎదిగే పిల్లోళ్ళకి ఈ లెక్కలు పెట్టొద్దు. మా అక్క కూతురు ఇంటర్ చదువుతాది, మేం నంబర్లు చదవడం చూసి అది కూడా మొదలుపెట్టి అన్నం మానేసింది. వారం తర్వాత కనిపెట్టాం. అప్పటినుంచి దాని ముందు నంబర్లు బయటికి చదవం. ఇంగ్లండ్‌లో ఇట్లాంటి వాళ్ళ కోసమే అడిగితే క్యాలరీలు లేని మెనూ ఇవ్వొచ్చని పెట్టారు. తిండి అంటే భయం పట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే ఈ పద్ధతి మొత్తం పక్కన పెట్టి డాక్టర్‌తో మాట్లాడండి.

మా నాయన ఇప్పుడు ఆదివారం ఆర్డర్ ఇదీ. నెయ్యి ఒక్క స్పూను వేసిన కారం దోసె ఒకటి, దాని ముందు రెండు ఇడ్లీలు సాంబారులో, చక్కెర లేని టీ. లెక్క 500కి అటూ ఇటూ. ఆ టిఫిన్ సెంటర్‌లో పెనం దగ్గర అన్నకి మేం ఇంకా చెప్పనే అక్కర్లేదు, నాయన స్కూటర్ ఆపగానే లోపలికి కేక వేస్తాడు, పెద్దాయన వచ్చాడు, ఒక్క స్పూనే అని.